ఎస్‌ఎంపీఎస్, గేట్ డ్రైవ్: ఆడియో ఆంప్లిఫయర్ల పాత తగువు ఎందాకా వచ్చింది?

ఆంప్లిఫయర్లు కట్టేవాళ్ల మధ్య రెండు తగువులు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. కరెంటు దేన్నుంచి తీసుకోవాలన్నది మొదటిది: బరువైన ఇనప ట్రాన్స్‌ఫార్మర్ నుంచా, ఎస్‌ఎంపీఎస్ (స్విచ్ మోడ్ పవర్ సప్లై) నుంచా? రెండోది క్లాస్ డి ఆంప్లిఫయర్లతో, అంటే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు స్విచ్చిల్లా ఆన్, ఆఫ్ అయ్యేవాటితో పుట్టింది: ఔట్‌పుట్ మాస్‌ఫెట్‌ల గేట్లను ఎంత వేగంగా, ఏ పద్ధతిలో నడపాలి? ఇవి వేర్వేరు తగువులుగానే సాగాయి. సప్లై గురించి రాసేవాళ్లు గేటు ఊసెత్తరు. గేట్ డ్రైవ్ గురించి రాసేవాళ్లు ప్లస్ 50, మైనస్ 50 వోల్టులు ఎక్కణ్నుంచో తేటగా దిగివస్తున్నట్టు మొదలుపెడతారు. కానీ ఆ రెండూ ఒకే కరెంటు తిరిగే దారిలో ఉన్నాయి. ఒకచోట తీసుకున్న నిర్ణయం రెండోచోట సమస్యగా తేలుతుంది. అందుకే ఇక్కడ రెంటినీ కలిపి చూస్తున్నాం.

ఇంతవరకూ నడిచిన దారి

స్విచింగ్ ఆంప్లిఫయర్ ఆలోచన కొత్తది కాదు. 1964లోనే బ్రిటన్‌లో సింక్లెయిర్ సంస్థ ఎక్స్-10 పేరుతో ఒక కిట్ అమ్మింది. అప్పటి ట్రాన్సిస్టర్లు ఆ పనికి సరిపడే వేగంతో ఆన్, ఆఫ్ కాలేకపోయాయి. పైగా ఆ కిట్ పక్కనున్న రేడియోలో గోల పుట్టించేది. ఆలోచనలో తప్పులేదు, చేతిలో ఉన్న స్విచ్చిలోనే లోపం. 1970లు ముగిసేలోగా సోనీ సంస్థ వీ-ఫెట్‌లు వాడి టీఏ-ఎన్88 అనే క్లాస్ డి ఆంప్లిఫయర్‌ను ఎస్‌ఎంపీఎస్‌తో సహా మార్కెట్‌కు తెచ్చింది. రెండు విద్యలూ ఒకే పెట్టెలో చేరినా అది ఖరీదైన ముచ్చటగానే మిగిలిపోయింది.

దారి మార్చినవి రెండు విడిభాగాలు. 1976లో సిలికాన్ జనరల్ సంస్థలో బాబ్ మమ్మానో రూపొందించిన ఎస్‌జీ 1524, పల్సు వెడల్పు నియంత్రణ మొత్తాన్ని ఒక చిప్పులోకి తెచ్చింది. ఆ వంశం నుంచే వచ్చిన ఎస్‌జీ 3525, దాని సాటి టీఎల్ 494 ఇప్పటికీ మన కార్ల ఆంప్లిఫయర్లలో 12 వోల్టుల బ్యాటరీని పెద్ద వోల్టేజీగా మారుస్తూనే ఉన్నాయి. రెండో భాగం 1979లో ఇంటర్నేషనల్ రెక్టిఫయర్ తెచ్చిన హెక్స్‌ఫెట్. దాన్ని రూపొందించినవారిలో ఒకరైన అలెక్స్ లిడో, 2007లో గాలియం నైట్రైడ్ స్విచ్చిల కోసం ఈపీసీ సంస్థను నెలకొల్పారు. ఈ కథలో రెండు తరాల స్విచ్చిల వెనుకా ఆయన ఉన్నారు.

1990ల్లో వేదికల మీద వాడే ఆంప్లిఫయర్లు ముందుగా మారాయి. ఆ రంగంలో బరువంటే లారీ కిరాయి, కూలి ఖర్చు. 1995లో ఇటలీలో మొదలైన పవర్‌సాఫ్ట్ పూర్తిగా స్విచింగ్ బాటే పట్టింది. అదే ఏడాది ఆద్య త్రిపాఠి స్థాపించిన ట్రైపాత్ తన టీఏ 2020 చిప్పుతో చవక ఆంప్లిఫయర్లలోకి క్లాస్ డిని చేర్చింది. ఆ సంస్థ 2007లో దివాలా తీసింది గానీ, చిప్పు పేరు మాత్రం నిలిచింది. 1999లో డెన్మార్క్‌లో ఐస్‌పవర్ వచ్చింది. 2000ల తొలి సంవత్సరాల్లో ఫిలిప్స్‌లో బ్రూనో పుట్జీస్ యూసీడీ అనే ఫీడ్‌బ్యాక్ పద్ధతిని తయారుచేశారు. ఆయన పని తర్వాత హైపెక్స్ ఎన్‌కోర్‌గా, ఆపైన ప్యూరిఫై ఐగెన్‌టాక్ట్‌గా సాగింది. క్లాస్ డి అంటే సబ్‌వూఫర్‌కే సరి అన్న మాట అక్కడితో చెల్లకుండా పోయింది.

ఇనుములో ఎంత నిల్వ, ఫెరైట్ వెనక ఎంత నిల్వ

ట్రాన్స్‌ఫార్మర్ పక్షం మొదటి వాదన నిల్వ గురించి. డోలు దెబ్బ పడగానే ఆంప్లిఫయర్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, దాన్ని పెద్ద కెపాసిటర్లు మాత్రమే అందించగలవు, ఎస్‌ఎంపీఎస్‌లో అవి చిన్నవి అని వాళ్లంటారు. వినడానికి బాగానే ఉంది. లెక్క చూద్దాం.

ప్లస్ మైనస్ 50 వోల్టుల మామూలు సప్లైలో ఒక్కో వైపు 10,000 మైక్రోఫారడ్‌లు పెడితే, రెండు వైపులా కలిపి నిల్వ ఉండే శక్తి 25 జౌళ్లు. 230 వోల్టుల మెయిన్స్‌ను నేరుగా డీసీగా మార్చే ఎస్‌ఎంపీఎస్‌లో ప్రైమరీ కెపాసిటర్ దాదాపు 325 వోల్టులకు చార్జి అవుతుంది. అక్కడ 470 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఒక్కటుంటే చాలు, నిల్వ దాదాపు అదే 25 జౌళ్లు. శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి చిన్నగా కనిపించే ఆ డబ్బా పెద్ద డబ్బాలకు సమానం. పైగా రెగ్యులేషన్ ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లో ప్రైమరీ వోల్టేజీ 325 నుంచి 220కి జారేలోపు సగానికి పైగా శక్తి బయటికి వచ్చేస్తుంది, ఔట్‌పుట్ వోల్టేజీ మాత్రం కదలదు. మామూలు సప్లైలో కెపాసిటర్ ఎంత ఖాళీ అయితే రైలు, అంటే సప్లై వోల్టేజీ, అంత పడిపోవాల్సిందే.

కాబట్టి నిల్వ వాదం నిలవదు. కానీ దాని వెనక ఇంకో నిజం ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ ఓవర్‌లోడ్‌ను ఓర్చుకుంటుంది. రేటింగ్‌కు రెండింతలు లాగినా వోల్టేజీ కొంత తగ్గుతుంది, తీగ వేడెక్కుతుంది, పాట మాత్రం ఆగదు. ఎస్‌ఎంపీఎస్‌లో ఒక కరెంటు గీత ఉంటుంది. దాన్ని దాటితే రక్షణ సర్క్యూట్ ఆపేస్తుంది, లేదా మాస్‌ఫెట్ పోతుంది. ఆ గీతను ఎక్కడ గీయాలన్నదే అసలు డిజైన్. సంగీతంలో సగటు శక్తి శిఖర శక్తి కంటే చాలా తక్కువ. ఐఈసీ 60065 భద్రతా ప్రమాణం కూడా ఆంప్లిఫయర్‌ను క్లిప్ కాని శక్తిలో ఎనిమిదో వంతు దగ్గరే వేడి పరీక్షకు పెట్టేది. 200 వాట్ల ఆంప్లిఫయర్‌కు అది 25 వాట్లు. మంచి డిజైనర్ ఎస్‌ఎంపీఎస్ వేడిని సగటుకు, కరెంటు పరిమితిని శిఖరానికి సరిపెడతాడు. చెడ్డ డిజైనర్ రెంటినీ సగటుకే సరిపెట్టి డబ్బాపై శిఖరాన్ని అచ్చు వేస్తాడు. ఎస్‌ఎంపీఎస్‌లకు వచ్చిన చెడ్డపేరులో పెద్ద వాటా ఈ రెండో రకానిదే.

రెగ్యులేషన్ కావాలా?

ఎస్‌ఎంపీఎస్ పక్షంలోనూ చీలిక ఉంది. ఒక వర్గం రెగ్యులేషన్ వద్దంటుంది. ఐఆర్ 2153 లాంటి చిప్పుతో హాఫ్ బ్రిడ్జిని స్థిరమైన ఫ్రీక్వెన్సీలో నడిపి, ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తి ఇచ్చినంత వోల్టేజీ తీసుకోవడం వాళ్ల పద్ధతి. ఫీడ్‌బ్యాక్ లూపు ఉండదు కాబట్టి అది అస్థిరమయ్యే బెడద లేదు, భాగాలు తక్కువ, ఇంట్లో కట్టేవాళ్లకు అనువు. మరో వర్గం ఎల్ఎల్‌సీ రెజొనెంట్ సప్లైలతో వోల్టేజీని కట్టిపడేయాలంటుంది. ఎల్ 6599 లాంటి కంట్రోలర్లు మాస్‌ఫెట్‌లను వాటి మీద వోల్టేజీ సున్నాకు చేరాక ఆన్ చేస్తాయి. అందువల్ల వేడీ తక్కువ, అంచుల గోలా తక్కువ.

యూరప్‌లో రాసిన పుస్తకాలు ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోవచ్చు. మన ఊళ్లలో మెయిన్స్ రాత్రి 180కి పడి, తెల్లవారుజామున 250కి లేవడం వింతేమీ కాదు. రెగ్యులేషన్ లేని సప్లైలో 180 వోల్టుల దగ్గర ప్లస్ మైనస్ 50 కాస్తా 39 అవుతుంది. శక్తి వోల్టేజీ వర్గంతో తగ్గుతుంది కాబట్టి 100 వాట్లు 61కి దిగుతాయి. 250 దగ్గర రైలు 54 దాటుతుంది. 100 వోల్టుల మాస్‌ఫెట్‌లు పెట్టినవాడి గుండె అక్కడే ఆగుతుంది, ఎందుకంటే హాఫ్ బ్రిడ్జిలో ఒక్కో మాస్‌ఫెట్ రెండు రైళ్ల మొత్తాన్నీ భరించాలి. వినాయక చవితి పందిరిలో జనరేటర్ మీద నడిచే ఆంప్లిఫయర్‌కు రెగ్యులేషన్ విలాసం కాదు. ఇంట్లో నిలకడైన కరెంటు మీద మెల్లగా పాటలు వినేవాడికి అది లేకపోయినా నష్టం లేదు. ఈ ప్రశ్నకు ఒకే జవాబు కోసం వెతకడమే పొరపాటు.

సప్లై, స్విచ్చి ఢీకొనే చోటు

రెండు తగువులనూ కలపకుండా మాట్లాడటం ఎందుకు కుదరదో బస్ పంపింగ్ చూపిస్తుంది. హాఫ్ బ్రిడ్జి క్లాస్ డి ఆంప్లిఫయర్ పాజిటివ్ వైపు కరెంటు ఇస్తున్నప్పుడు, కింది మాస్‌ఫెట్ ఆన్ అయిన ప్రతిసారీ ఔట్‌పుట్ ఫిల్టర్ ఇండక్టర్‌లో ఉన్న శక్తిని మైనస్ రైలులోకి తోస్తుంది. సప్లై డయోడ్లు దాన్ని వెనక్కి పోనివ్వవు. ఇక కెపాసిటర్ ఉబ్బాల్సిందే. బాస్ ఎంత కిందిదైతే ఒక్కో అర్ధచక్రం అంత పొడవు, ఉబ్బు అంత ఎక్కువ.

ప్లస్ మైనస్ 50 వోల్టులు, 4 ఓమ్‌ల స్పీకర్, 20 హెర్ట్జ్ స్వరం తీసుకుని లెక్క వేస్తే, ఒక్కో రైలుకు 10,000 మైక్రోఫారడ్‌లున్నప్పుడు ఉబ్బు గరిష్ఠంగా 3 వోల్టులకు కాస్త పైన. ఎస్‌ఎంపీఎస్ ధైర్యంతో దాన్ని 1,000కి తగ్గిస్తే అదే ఉబ్బు 30 వోల్టులు దాటుతుంది. సప్లైని విడిగా పరీక్షిస్తే అంతా బాగుంటుంది. ఆంప్లిఫయర్‌ను ల్యాబ్ సప్లై మీద పరీక్షించినా బాగుంటుంది. రెంటినీ కలిపి సబ్‌వూఫర్ తగిలించగానే ఓవర్‌వోల్టేజ్ రక్షణ తెగుతుంది.

దీనికి మందులు పాతవే, పనిచేసేవే. ఫుల్ బ్రిడ్జి వాడితే ఈ సమస్యే పుట్టదు. కాకపోతే స్విచ్చిలు, గేట్ డ్రైవర్లు రెట్టింపవుతాయి. స్టీరియోలో ఒక చానెల్‌ను ఎదురు ఫేజ్‌లో నడిపి, స్పీకర్ తీగలను తిప్పి కలిపితే, బాస్ రెండు చానెళ్లలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి ఒకటి తోసిన శక్తిని రెండోది వాడేసుకుంటుంది. ఖర్చు లేని ఈ ఉపాయాన్ని ఇప్పటికీ చాలా చవక బోర్డులు వదిలేయడం విచిత్రం.

గేటు దగ్గర జరిగే పని

మాస్‌ఫెట్ గేటు వోల్టేజీతో నడుస్తుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నిజంగా దాన్ని నడిపేది చార్జి. గేటు చార్జి 13 నానోకూలంబ్‌లుండే చిన్న ఆడియో మాస్‌ఫెట్‌ను 25 నానోసెకన్లలో తెరవాలంటే సగటున అర ఆంపియర్ కావాలి. 70 నానోకూలంబ్‌ల పెద్ద మాస్‌ఫెట్‌కు 2.8 ఆంపియర్లు. ఆన్ నిరోధం తక్కువుందని డేటాషీటు మొదటి పేజీ చూసి పెద్ద మాస్‌ఫెట్ కొనేవాడు, దాని గేటును నింపడానికి అంత పెద్ద డ్రైవర్ కావాలన్న సంగతి రెండో పేజీ దాకా గమనించడు. సప్లైలో వాడిన మాస్‌ఫెట్ ఆంప్లిఫయర్‌లో ఎందుకు బాగా పనిచేయదంటే, చాలాసార్లు కారణం ఇదే.

డెడ్ టైమ్ దగ్గర అసలు చర్చ మొదలవుతుంది. పైదీ కిందిదీ ఒకేసారి ఆన్ అయితే రైలు నుంచి రైలుకు షార్ట్. అందుకే ఒకటి ఆఫ్ అయ్యాక కొన్ని నానోసెకన్లు ఆగి రెండోదాన్ని ఆన్ చేస్తారు. ఆ విరామంలో ఔట్‌పుట్ ఎటు పోవాలో డ్రైవర్ చెప్పదు, ఇండక్టర్‌లోని కరెంటు చెబుతుంది. సిగ్నల్ చిన్నగా ఉన్నప్పుడు ఇండక్టర్ రిపుల్ కరెంటు రెండు వైపులా ఊగుతుంది కాబట్టి రెండు అంచులూ వాటంతటవే మెత్తగా మారతాయి, తప్పు దొర్లదు. సిగ్నల్ కరెంటు రిపుల్‌ను మించగానే ఒక అంచు ఆలస్యమవుతుంది. డిస్టార్షన్ అక్కణ్నుంచి మొదలు. ఇంటర్నేషనల్ రెక్టిఫయర్ తన క్లాస్ డి పరిచయ పత్రంలో ఇచ్చిన ఉదాహరణలో 40 నానోసెకన్ల డెడ్ టైమ్ 2 శాతం డిస్టార్షన్ తెస్తే, 15కి తగ్గించినప్పుడు అది 0.2 శాతానికి దిగింది.

దీనిమీద రెండు మతాలు ఏర్పడ్డాయి. వేగవాదులు డెడ్ టైమ్‌ను కత్తి అంచుదాకా తగ్గించి, గేట్ రెసిస్టర్ చిన్నది పెట్టి, అంచులను నిటారుగా ఉంచుతారు. నెమ్మది వాదులు అంచులను కాస్త వాల్చి, డెడ్ టైమ్‌ను క్షేమంగా ఉంచి, మిగిలిన తప్పును ఫీడ్‌బ్యాక్‌కు వదిలేస్తారు. వేగవాదుల దగ్గర కొలతలు బాగుంటాయి, రేడియో ఇంటర్‌ఫియరెన్స్ బాగుండదు. అదీగాక నిటారు అంచు ఆఫ్‌లో ఉన్న మాస్‌ఫెట్ గేటును డ్రెయిన్-గేట్ కెపాసిటెన్స్ గుండా పైకి లాగి, దాన్ని తనంతట తానే ఆన్ చేయగలదు. నెమ్మదిగా ఆన్ చేసి వేగంగా ఆఫ్ చేయడం, అంటే గేట్ రెసిస్టర్‌కు పక్కన డయోడ్ పెట్టడం, ఇద్దరికీ నచ్చే రాజీ. నా లెక్కలో నెమ్మది వాదులదే పైచేయి. ఎందుకో ఫీడ్‌బ్యాక్ దగ్గర చెబుతాను.

పై మాస్‌ఫెట్‌ను ఎలా నడపాలన్నదానికి మూడు దారులున్నాయి. హై వోల్టేజ్ ఐసీ, అంటే ఐఆర్ 2110, ఆడియోకే చేసిన ఐఆర్‌ఎస్ 2092 లాంటివి, అన్నిటికంటే ప్రచారంలో ఉన్నవి. ఇవి పైదాన్ని బూట్‌స్ట్రాప్ కెపాసిటర్‌తో నడుపుతాయి. ఆ కెపాసిటర్ చార్జి అయ్యేది కింది మాస్‌ఫెట్ ఆన్ అయినప్పుడే. బాస్‌ను క్లిప్ అయ్యేదాకా తోస్తే పైది ఆన్‌లోనే ఉండిపోతుంది, కెపాసిటర్ ఖాళీ అవుతుంది, డ్రైవర్ దాన్ని ఆపేస్తుంది. అందుకే ఈ ఆంప్లిఫయర్లలో మాడ్యులేషన్‌ను నూటికి నూరు పోనివ్వరు. రెండో దారి గేట్ ట్రాన్స్‌ఫార్మర్. సప్లైలో పల్సులు రెండు వైపులా సమానం కాబట్టి అక్కడ అది చవకగా, మొండిగా పనిచేస్తుంది. ఆంప్లిఫయర్‌లో పల్సు వెడల్పు నిరంతరం మారుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాటించే వోల్టేజీ కూడా దాంతో జారుతుంది, కాబట్టి ఇక్కడ అది తగదు. మూడోది డిజిటల్ ఐసొలేటర్ డ్రైవర్. సిలికాన్ ల్యాబ్స్ ఎస్‌ఐ 8244 వంటివి క్లాస్ డి కోసమే డెడ్ టైమ్ సర్దుబాటుతో వచ్చాయి. ధర ఎక్కువ, తలనొప్పి తక్కువ.

ఆ తలనొప్పి ఏమిటో చెప్పాలి. బోర్డు మీద ఒక సెంటీమీటరు ట్రాక్‌కు సుమారు 10 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. 10 ఆంపియర్లు 10 నానోసెకన్లలో ఆగితే ఆ సెంటీమీటరు మీద 10 వోల్టులు పుడతాయి. పై డ్రైవర్‌కు నేల అనుకున్న చోటు మైనస్ రైలు కంటే కిందికి దూకుతుంది. పాత ఐసీలు దాన్ని ఓర్చుకోలేక తికమకపడి రెండు మాస్‌ఫెట్‌లనూ ఆన్‌లో పెట్టేస్తాయి. ‘ఐసీ నకిలీది’ అని బజారును తిట్టే సందర్భాల్లో కొన్నిటికైనా దోషి ఆ సెంటీమీటరే. రైళ్ల మధ్య సెరామిక్ లేదా ఫిల్మ్ కెపాసిటర్‌ను మాస్‌ఫెట్‌లకు ఆనించి పెట్టాలన్న నియమాన్ని ఏ వర్గమూ కాదనదు. ఇంత తగువులో అందరూ ఒప్పుకునేది బహుశా ఇదొక్కటే.

గాలియం నైట్రైడ్ ఈ చిత్రాన్ని కొంత మార్చింది. టెక్నిక్స్ తన ఎస్ఈ-ఆర్1లో దాన్ని వాడి 1.5 మెగాహెర్ట్జ్ వేగంతో స్విచ్ చేసింది. ఈ స్విచ్చిలకు బాడీ డయోడ్ లేదు కాబట్టి రివర్స్ రికవరీ లేదు, గేటు చార్జి బాగా తక్కువ. డెడ్ టైమ్‌ను కొద్ది నానోసెకన్లకు దించవచ్చు. బదులుగా గేటు సున్నితం. ఈపీసీ రకాలను 5 వోల్టులతో నడపాలి, 6 దాటకూడదు. డెడ్ టైమ్‌లో ఔట్‌పుట్ బిందువు రెండు వోల్టులకు పైగా కిందికి పోతుంది కాబట్టి మామూలు బూట్‌స్ట్రాప్ 7 వోల్టులకు చార్జి అయ్యి గేటును చంపేస్తుంది. దానికి పరిమితి పెట్టే ప్రత్యేక డ్రైవర్లు కావాలి. సిలికాన్‌కు రాసుకున్న గేట్ డ్రైవ్ పాఠాన్ని ఇక్కడ మక్కీకి మక్కీ దించుకోలేం.

అన్నిటినీ సర్దే ఫీడ్‌బ్యాక్

ఫీడ్‌బ్యాక్ లేని క్లాస్ డి ఆంప్లిఫయర్ సప్లై వోల్టేజీని నేరుగా గుణిస్తుంది. రైలు ఒక శాతం ఊగితే శబ్దం ఒక శాతం ఊగుతుంది. ఫుల్ డిజిటల్ అని పేరుపడ్డ తొలి ఆంప్లిఫయర్లు గొప్ప సప్లై మీద ఆధారపడింది ఇందుకే. ‘సప్లైయే శబ్దం’ అన్న నమ్మకానికి ఆ తరంలో కారణం లేకపోలేదు.

ఔట్‌పుట్ నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకుని 40 డెసిబెళ్ల లూప్ గెయిన్ తెచ్చుకున్నాక సప్లై రిపులూ, డెడ్ టైమ్ తప్పూ రెండూ నూరో వంతుకు దిగిపోతాయి. చిక్కంతా 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఎంత గెయిన్ మిగులుతుందన్నదే. స్థిర ట్రయాంగిల్ తరంగంతో నడిచే మాడ్యులేటర్‌లో లూపు వెడల్పు స్విచింగ్ ఫ్రీక్వెన్సీలో మూడో వంతును మించదు. తనంతట తాను ఊగే పద్ధతి ఆ హద్దును తెలివిగా వాడుకుంటుంది, ఫిల్టర్ తర్వాతి బిందువు నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకుంటుంది. పుట్జీస్ ధోరణి ఆంప్లిఫయర్లు మామూలు మాస్‌ఫెట్‌లతో, మామూలు డెడ్ టైమ్‌తో అసామాన్యమైన కొలతలు చూపడం వెనక రహస్యం అదే. నెమ్మది వాదుల వైపు నేను మొగ్గింది అందుకే: లూపు దిద్దగల తప్పు కోసం లూపు దిద్దలేని రేడియో గోలను తెచ్చుకోవడం మంచి బేరం కాదు.

ఇంకా తేలనివి

తనంతట తాను ఊగే ఆంప్లిఫయర్‌కు ఒక శాపం ఉంది. ఒక చానెల్ 400 కిలోహెర్ట్జ్‌లో, పక్కది 403లో ఊగితే తేడా 3 కిలోహెర్ట్జ్ సన్నని ఈలగా వినిపించవచ్చు. 100 కిలోహెర్ట్జ్ ఎస్‌ఎంపీఎస్ నాలుగో హార్మోనిక్ కూడా అదే చోట ఉంటుంది. స్థిర క్లాకుతో సప్లైనీ చానెళ్లనూ కట్టేస్తే ఈల పోతుంది, లూపు లాభమూ కొంత పోతుంది. రెండు మార్గాల్లోనూ గొప్ప ఆంప్లిఫయర్లున్నాయి కాబట్టి ఏది మేలో సిద్ధాంతం తేల్చలేదు.

ఎర్తింగ్ మరో పేచీ. ఎస్‌ఎంపీఎస్‌లో రేడియో గోలను అణచడానికి ప్రైమరీకీ చాసిస్‌కీ మధ్య వై-కెపాసిటర్లు పెడతారు. ఫేజ్ నుంచి ఒకటి 2.2 నానోఫారడ్‌లుంటే దాంట్లో పారే కరెంటు దాదాపు 0.16 మిల్లీఆంపియర్లు. ప్రాణానికి ముప్పు లేదు. కానీ మూడో పిన్నులో ఎర్తు లేని ఇంట్లో చాసిస్ ముట్టుకుంటే జిల్లుమంటుంది, ఆర్సీఏ తీగ తగిలిస్తే హమ్ వస్తుంది. ఎస్‌ఎంపీఎస్ శబ్దం బాగాలేదనే ఫిర్యాదులు ఎన్ని ఎర్తు లేని గోడ సాకెట్ నుంచి వస్తున్నాయో ఎవరూ విడదీసి చూడలేదు.

ఆయుష్షు, మరమ్మతు సంగతిలో మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ పక్షానిదే గెలుపు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కు పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది అందరూ వాడే లెక్క. ఎస్‌ఎంపీఎస్‌లో అవి వేడి భాగాల మధ్య ఇరుక్కుని ఉంటాయి. పాత ట్రాన్స్‌ఫార్మర్‌ను ఏ చిన్న పట్నంలోనైనా మళ్లీ చుట్టించుకోవచ్చు. తయారీ ఆగిపోయిన కంట్రోలర్ చిప్పుకు బదులు దొరకదు.

ఇక వాట్లు. ఇక్కడ తగువు ఇంజినీర్ల మధ్య కాదు, అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య. ట్రాన్స్‌ఫార్మర్ కాలంలో బరువు చూసి ఎంతోకొంత పోల్చుకునేవాళ్లం. ఎస్‌ఎంపీఎస్ ఆ ఆధారాన్ని తీసేసింది. అమెరికాలో ఎఫ్‌టీసీ 1974 నుంచి శక్తి ప్రకటనలకు నియమాలు పెట్టి, 2024లో వాటిని సవరించింది. మన దగ్గర బోర్డు అమ్మే అంగడిలో 1,000 వాట్లు అని రాసి ఉంటే, అది ఎన్ని వోల్టుల మెయిన్స్ మీద, ఎన్ని ఓమ్‌లకు, ఎన్ని చానెళ్లు ఒకేసారి నడుస్తుండగా, ఎంతసేపు, ఎంత డిస్టార్షన్‌తో అని అడగండి. ఈ ఐదింటికీ అమ్మేవాడి దగ్గర జవాబు లేకపోతే సప్లై ఏ రకమైనా, గేట్ డ్రైవ్ ఎంత గొప్పదైనా, ఆ బోర్డు కొనకండి.